మా మరిది తీసిన బొమ్మల బజారు

మా మరిదిని ఫోటోగ్రాఫరు అంటే ముఖం మాడ్చుకుంటాడు. ఫోటోగ్రాఫర్లంటే పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసుకుని బతికేవాళ్లట, తాను ఆర్టిస్టట. తానూ మొన్నమొన్నటిదాకా నీలం గుడ్డ ముందు స్టూలు వేసి, గడ్డం కాస్త పైకెత్తండి, రెప్ప వేయకండి అని వచ్చినవాళ్లందరినీ సతాయించి, ఆ సంపాదనతోనే తిన్నాడన్న సంగతి మనం మర్చిపోవాలి. నాకేం మతిమరుపు రోగం లేదు.

వాడు మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. నేను కాపురానికి వచ్చేసరికి వాడికి మీసం కూడా సరిగా రాలేదు. అప్పటికే మేడలంటే పిచ్చి. ఇంట్లో ఏ పని చెప్పినా మాయమై డాబా మీద తేలేవాడు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, కింద వీధిలో పోయేవాళ్లను చూసి తనలో తాను నవ్వుకునేవాడు. ఏముందిరా అక్కడ అని ఒకసారి అడిగాను. ఇక్కణ్ణుంచి చూస్తే అందరూ ఎంత చిన్నగా ఉన్నారో చూడు వదినా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖం చూడాల్సింది. కళ్లు నెత్తికెక్కడం అని పెద్దవాళ్లు అంటుంటే వినడమే గానీ, ఎక్కుతుండగా చూసింది మాత్రం ఆ రోజే.

కొన్నాళ్లకు ఎక్కడో టిల్ట్-షిఫ్ట్ లెన్సు అనేదాన్ని చూశాడు. ఇక మనిషి మనిషి కాదు. మామూలు లెన్సు తిన్నగా ఉంటుంది, దీని మెడ వంగుతుంది. అలా వంచి, ఎత్తు మీద నుంచి ఫోటో తీస్తే మధ్యలో ఒక పట్టీ మేర మాత్రమే స్పష్టంగా పడుతుంది. దానికి పైనా కిందా ఉన్నదంతా మసక. మన కన్ను ఏదైనా చిన్న వస్తువును దగ్గర పెట్టుకుని చూసినప్పుడే అలా ముందూ వెనకా మసకగా చూస్తుందట. అందుకని ఆ ఫోటో చూడగానే కన్ను మోసపోయి, నిజం బస్సును అట్టబస్సు అనుకుంటుంది, నిజం మనిషిని పిల్లలు ఆడుకునే బొమ్మ అనుకుంటుంది. ఎండ బాగా కాయాలి, రంగులు దండిగా ఉండాలి, తీసేవాడు బాగా పైన ఉండాలి. నేను కూర తరుగుతుంటే ఎదురుగా కూర్చుని ఈ పాఠమంతా వాడే చెప్పాడు. లోకమంతా గోరంతలు కొండంతలు చేసుకుని బతుకుతోంది, కొండంతలు గోరంతలు చేయడానికి నీకింత సరంజామా కావాలా అన్నాను. నాకు కళాదృష్టి లేదని తేల్చేసి, నేను తరిగిన క్యారెట్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

ఫోన్లో వాడి ఫోటోలను ఎవరెవరో మెచ్చుకునేవారు. రైల్వే స్టేషను, ఈతకొలను, ఇల్లు కూల్చే యంత్రం, బండ్ల మధ్య చిక్కుకుపోయిన అంబులెన్సు. ఎంత ముద్దుగా ఉందో అని కింద రాసేవాళ్లు. అంబులెన్సు కింద కూడా అదే రాశారు. అందులో ఎవరు పడుకుని ఉన్నారో, ఆ మనిషి బతికారో పోయారో మన ఆర్టిస్టుగారు కనుక్కోలేదు. కనుక్కోవాలన్న ఆలోచన రావాలంటే మేడ దిగాలి. పెళ్లయ్యాక వాడు వేరు కాపురం పెట్టాడు. మా తోడికోడలు పొద్దున్నే ఉద్యోగానికి పరిగెత్తి, సాయంత్రం వచ్చి వంట చేసి ఆ ఇంటిని నడుపుతోంది. అదైనా వాడికి ఎప్పుడైనా కనిపించిందో లేదో నాకు అనుమానమే.

మా ఆయన సంగతి చెప్పాలి. బస్టాండు ప్రహరీగోడను ఆనుకుని ఉన్న కొట్ల వరసలో ఆయనది సంచులు, సూట్‌కేసులు బాగుచేసే కొట్టు. కొట్టంటే నాలుగు ఇనపగొట్టాలు, పైన టార్పాలిను, కింద ఒక కుట్టుమిషను. తీరా బస్సు ఎక్కబోతుంటే జిప్పు ఊడినవాళ్లు, చక్రం విరిగిన సూట్‌కేసును ఈడ్చుకుంటూ తిట్టుకుంటూ వచ్చేవాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. బస్సు కదిలేలోగా ఏదో ఒకటి చేసి పంపిస్తాడు. మా తిండి, మా పిల్ల చదువు అన్నీ ఆ గోడ పక్కనే. మనిషి నోట్లో వేలు పెట్టినా కొరకడు. తమ్ముడి మాట వస్తే మరీ వెన్నపూస. జిప్పు వేయించుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మా తమ్ముడు తీశాడండీ అని ఫోన్లో ఆ బొమ్మలన్నీ చూపించేవాడు. ఆ తమ్ముడు మాత్రం కొట్టు ఛాయలకు వచ్చిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే మా అన్నయ్యది లగేజీ వ్యాపారం అని చెప్పేవాడట.

ఇలా ఉండగా రోడ్డు వెడల్పు చేస్తాం, కొట్లు తీసేస్తాం అన్నారు. వెనక కట్టిన కొత్త మార్కెట్లో గదులిస్తామన్నారు గానీ అక్కడ గదులు తక్కువ, ఇక్కడ కొట్లు ఎక్కువ. మార్కెట్ ఆఫీసరు సాక్షుల్ని నమ్మనన్నాడు. ఇంతకుముందు ఇంకోచోట సాక్షుల్ని తెమ్మంటే, ఒక్కో కొట్టుకీ బావమరుదులు, తోడల్లుళ్లు కలిసి నలుగురు యజమానులు తేలారట. అందుకని ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని ఉండగా వరస మొత్తానికి ఒక ఫోటో తీయించి ఇవ్వమన్నాడు. ఫోటోలో కనిపించినవాళ్లకు గది, కనిపించనివాళ్లకు లేదు. బస్టాండు గేటు దగ్గరి స్టూడియో ఆయన టీ తాగి వచ్చినంత సేపట్లో తీసి ఇచ్చేవాడు. మా ఆయనే అడ్డం పడ్డాడు. మా తమ్ముడుండగా బయటివాళ్లెందుకు అన్నాడు. నలుగురిలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆర్టిస్టుగారు వేంచేశారు. వరస దగ్గరికి కాదు, వరస కొసన ఉన్న లాడ్జి మేడ మీదికి. నేను క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి పైనుంచి ఫోన్లో గొడుగులాయనకు ఆజ్ఞలు వస్తున్నాయి. గొడుగులాయన మా వరసకు పెద్ద, ఆయన కొట్టు సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఎర్ర గొడుగు ముందు పెట్టండి, పసుపుది తెరవండి, నీలం బస్సు వచ్చేదాకా ఆగండి అని ఒకటే హడావిడి. మా ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని, మిషను ముందు బిగుసుకుని కూర్చుని మేడ వైపు చూస్తున్నాడు. వచ్చిన బేరాన్ని కూడా కాస్త పక్కకు నిలబడమన్నాడు. ఆ లాడ్జికి అందరికన్నా దగ్గరి కొట్టు మాదే. నేను ఫోన్ అందుకుని అందరూ పడుతున్నారా అని అడిగాను.

"అందరూ పడ్డారు వదినా, నువ్వూ పడ్డావు" అన్నాడు.

ఆ ఫోటోను పెద్దది చేయించి, అద్దం కట్టించి, గడువు చివరి రోజున తిన్నగా ఆఫీసుకే పట్టుకుపోయాడు. వెంట వెళ్లిన గొడుగులాయనకు తన గొడుగులు పిప్పరమెంటు బిళ్లల్లా మెరుస్తూ కనిపించేసరికి మిగతా ఫోటో చూసే ఓపిక లేకపోయింది. మర్నాడు యంత్రం వచ్చి వరసంతా ఊడ్చేసింది. మా ఆయన మిషనును తోపుడుబండి మీద ఇంటికి తెచ్చి, గది వచ్చేదాకా ఇక్కడుంటుందిలే అని తలుపు పక్కన పెట్టాడు.

గది రాలేదు. ఆఫీసరు మొదట ఆ ఫోటో చూసి, కొత్త మార్కెట్‌కి ఎవరో అట్టలతో నమూనా చేశారనుకుని నవ్వాడట. సంగతి తెలిశాక, పట్టీలో స్పష్టంగా ఉన్న గొడుగులకూ పళ్లరసాలకూ పుస్తకాలకూ గదులు రాసేశాడు. ఆ కొసా ఈ కొసా ఉన్నవాళ్లు మసకలో మచ్చలు. మచ్చకు గది ఎవరిస్తారు? మేడకు దగ్గరగా, చొక్కా మార్చుకుని మరీ కూర్చున్న మా ఆయన అందరికన్నా పెద్ద మచ్చ.

నేను ఆగలేక మరిది ఇంటికి వెళ్లాను. మామూలు ఫోటో ఒకటి ఇవ్వు, ఏ వంకరా లేనిది అన్నాను. ఒకటీ అరా తీశాడట, చూడ్డానికి చప్పగా ఉన్నాయని చెరిపేశాడట. పోనీ ఆ మసకే తీసేయమన్నాను. చాలామంది మామూలు ఫోటో తీసుకుని తర్వాత కంప్యూటర్లో మసక పూస్తారని వాడే ఒకప్పుడు చెప్పాడు. పూసినవాడు తుడవలేడా అన్నాను. దాంతో వాడికి రోషం వచ్చింది.

"అలా చేయడం మోసం వదినా. నేను లెన్సులోనే తీస్తాను. లెన్సులో పోయింది ఇక పోయినట్టే."

ఎంత నిజాయితీ! ఆ మోసగాళ్ల అన్నలకైతే ఈపాటికి గదులు వచ్చి ఉండేవి. సిగ్గులేదట్రా నీకు అని అడుగుదామనుకున్నాను, లోపల మా తోడికోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు విని నోరు మూసుకుని వచ్చేశాను. ఆ పిల్ల ముందు వాణ్ణి తిట్టి నాకు ఒరిగేదేముంది.

చివరికి గొడుగులాయనకే మనసు ఒప్పక ఆఫీసరు దగ్గర కాళ్లావేళ్లా పడ్డాడు. ఇంకా ఒక గది మిగిలే ఉంది. మిగతా మసకవాళ్లు ఆశ వదిలేసి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఆఫీసరు కాస్త మెత్తబడి ఒక మాట అన్నాడు. ఎవరి మచ్చ వాళ్లు చూపిస్తే నమ్మను, తీసినవాణ్ణి పిలుచుకు రండి, ఆ కొట్టెక్కడో అతను వేలు పెట్టి చూపిస్తే గది ఇచ్చేస్తాను అన్నాడు. మాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. తమ్ముడు చూపించడమూ, గది రావడమూ అయిపోయినట్టే మా ఆయన మిషనుకు నూనె వేశాడు.

ముగ్గురం వెళ్లాం. ఆఫీసు గదిలో కుర్చీ వెనక గోడకు ఆ ఫోటోనే తగిలించి ఉంది. అది చూడగానే మా మరిది ముఖం వెలిగిపోయింది. ఆ రోజు ఎండ ఎలా పడింది, నీలం బస్సు కోసం తానెంతసేపు కాచుకున్నాడు అని మొదలుపెట్టాడు. ఆఫీసరు కాసేపు విని, అవన్నీ సరే, మీ అన్నగారి కొట్టు చూపించండి అన్నాడు.

వాడు ఫోటో దగ్గరికి వెళ్లాడు. వేలు ఎత్తాడు. ఆ వేలు ముందు ఆ చివరికి వెళ్లింది, అక్కడ ఆగి ఈ చివరికి వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. మా ఆయన చేతులు కట్టుకుని, పరీక్షలో పిల్లాడి వెనక నిలబడ్డ తండ్రిలా తమ్ముడి వేలినే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. లాడ్జి కింద మొదటి కొట్టురా సన్నాసీ అని అరవాలని ఉంది, కానీ మేం నోరెత్తితే చెల్లదని ఆఫీసరు ముందే చెప్పాడు. చివరికి వాడు ఒక ఆకుపచ్చ మచ్చ మీద వేలు పెట్టాడు.

ఆఫీసరు నవ్వలేదు. అది బస్టాండు చెత్తకుండీ అన్నాడు. రోజూ తన కారు దాని పక్కనే ఆపుతాడట.

అసలు మీ అన్నగారి కొట్టుకి మీరెప్పుడైనా వెళ్లారా అని ఆఫీసరు అడిగాడు. మా మరిది చెవులు ఎర్రబడ్డాయి. లేదండీ, ఎప్పుడూ వెళ్లలేదు, అందుకే తెలియలేదు అని ఆ ఒక్క ముక్క అని ఉంటే ఆఫీసరు ఏమనేవాడో. ఆ ముక్క వాడు అనక్కర్లేకుండా చేశాడు మా ఆయన. తమ్ముడి ఎర్రబడ్డ చెవులు చూడలేక ముందుకు వచ్చాడు.

"రోజూ వస్తాడండీ" అన్నాడు.

"రోజూ వచ్చే తమ్ముడికే కనిపించని కొట్టు నాకెక్కడ కనిపిస్తుందయ్యా?" అన్నాడు ఆఫీసరు.

అప్పుడు నేను ఆగలేదు. ఒక్కనాడూ రాలేదండీ, ఈయన వాడి పరువు కాపాడటానికి అబద్ధం ఆడుతున్నాడు అని చెప్పాను. ఆయన వస్తాడంటాడు, మీరు రాలేదంటారు, ముందు ఇంట్లో తేల్చుకుని రండమ్మా అని ఆఫీసరు బెల్లు నొక్కాడు. గది కోసమే బయటి బెంచీ మీద కూర్చున్న ఇంకెవరో లోపలికి వచ్చారు. ఆ మిగిలిన గది వాళ్లకు పోయిందని సాయంత్రానికి తెలిసింది.

మెట్ల దగ్గర మా మరిది ఆగాడు. వాడి మెడలో ఆ కెమెరా ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అన్నయ్యా, నీదొక్కడిదే ఒక ఫోటో తీస్తాను, స్పష్టంగా, పై ఆఫీసులో ఇద్దాం అన్నాడు. పోయిన కొట్టుకు ఇప్పుడు ఫోటో ఏమిటి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే? మా ఆయన మాత్రం వెంటనే ఆగిపోయి కాలరు సర్దుకున్నాడు. తమ్ముడు తనను ఫోటో తీస్తాననడం ఆయన బతుకులో అదే మొదలు. ఆర్టిస్టుగారు కెమెరా పట్టుకుని, అలవాటు చొప్పున నాలుగు మెట్లు పైకెక్కారు.

"కిందికి దిగు. ఎదురుగా వచ్చి తీయి" అన్నాను.

దిగాడు. అన్నకు మూరెడు దూరంలో నిలబడి కెమెరా ఎత్తాడు. ఎత్తినవాడు నొక్కలేదు. కెమెరా దించి, కాలరు పట్టుకుని ఉన్న అన్న కుడిచేతిని చూస్తూ, ఈ చూపుడువేలు కొస ఏమైంది అన్నయ్యా అని అడిగాడు.

మా ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఏం లేదురా, మొన్న సూట్‌కేసు రేకు కోసుకుంది" అన్నాడు.

ఆ వేలు తెగిననాటికి వాడింకా మా ఇంట్లోనే ఉన్నాడు, కట్టు కట్టిన ఆ చేత్తోనే మా ఆయన కుట్టి తెచ్చింది నేను వండితే తిన్నాడు.