చీరలమ్మడానికి ఒక సాక్ష్యం

బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో టైపు పని చేసేదాన్ని. ఓనరు మా చర్చి సంఘ పెద్ద కూడా. ఆరాధనలో ఎప్పుడూ ముందు వరసే.

ఒక ఆదివారం మగ్గం నేసే అక్క ఒకామె సాక్ష్యానికి లేచింది. భర్త తాగొచ్చి కొట్టిన దెబ్బలు, ప్రార్థన వల్ల అతను మారిన సంగతి ఏడుస్తూ చెప్పింది. మర్నాడే ఓనరు ఆ మాటలన్నీ నాచేత దుకాణం బ్లాగులోకి ఎక్కించాడు. కింద ఆమె ఫోటో, ఆమె నేసిన చీర, ధర.

"ఆయమ్మను అడిగినారా అన్నా?"

"దేవుని మహిమే కదమ్మా, నలుగురికీ తెలియనీ. కథ ఉంటేనే బెంగుళూరోళ్ళు కొంటాండారు."

ఆయన చెప్పినట్టే టైపు చేశాను. ఆ పాపంలో నాకూ పాలుంది.

బ్లాగు చూసి చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆమె మగ్గం దగ్గరికే వెళ్ళి, భర్త ఎదుటే, "ఇప్పుడు కొట్టడం లేదు కదా?" అని అడిగారట. ఆమె దుకాణానికొచ్చి నన్ను నిలదీసింది.

"నేను దేవునికి చెప్పుకుంటి. నువ్వు ఊరోళ్ళకి చూపిస్తివి కదే! ఆయప్ప రెండు దినాలుగా ఇంటికే రాలేదు."

ఆ పూటే ఆమె సాక్ష్యాన్ని బ్లాగులోంచి తీసేశాను. సాయంత్రానికి ఓనరు నన్ను పనిలోంచి తీసేశాడు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. అక్క తల వంచుకుని కూర్చుంది. ఓనరు లేచి, ఇంటర్నెట్టు ద్వారా తన వ్యాపారాన్ని దీవించిన దేవునికి స్తోత్రం చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేను అనలేదు.