కుంకుమ కింద పేర్లు

మనవరాలు పుట్టిందండీ! పెళ్లయిన ఇన్నేళ్లకు మా అమ్మాయి కడుపు పండింది, బంగారు బొమ్మ! అదే పొద్దున మా పక్కింటి మైక్‌సెట్టు బావ పోయాడు. ఈ రెండు మాటల్లో ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో నాకు ఈ రోజుకీ తెలియడం లేదు.

తిరుపతి ఆసుపత్రి నుంచి ఫోను రాగానే పాకాల బజారుకు పరుగెత్తాను. మైసూర్‌పాకు పొట్లం కట్టించుకుని తిరిగొచ్చేసరికి పక్కింటి ముందు జనం. పొట్లం చంకలో ఉండగానే లోపలికి పోయాను. పడుకోబెట్టిన బావను చూసి భోరుమన్నాను. వంగి చెవిలో "మనవరాలు, బావా" అన్నాను, అంటూనే నవ్వొచ్చింది. వెనక ఎవరో "ఈయప్పకు మతి పోయినట్టుండాది" అన్నారు. పోయిందో ఉందో నాకే అనుమానం.

మాకు రక్తసంబంధం లేదు. రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే, అందుకే ఒకరికొకరం బావలమయ్యాం. పెళ్లిళ్లకు మైక్‌సెట్టు కట్టడం ఆయన బతుకు. అరవైల చివర్లో రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల కుటుంబాలు ఊరు వదిలి పోతూ, తమ రికార్డులు ఆయనకు ఇచ్చి పోయాయట. అన్నీ ఇంగ్లీషు పాటలే. నలుగురేసి కుర్రాళ్లు గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని పాడినవి. బావకు ఇంగ్లీషు రాదు, నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. అయినా ఆ కుర్రాళ్లను ఆయన ఇంటి పిల్లల్లా ఎరుగును. "ఈ పిలగోడి గొంతు సూడు బావా, జలుబు చేసినా పాడతా ఉండాడు" అనేవాడు.

"ఎవరూ ఎరగని ఈ గుంపులెందుకు బావా, పేరున్నవాళ్లవి వెయ్యరాదా?" అని ఒకసారి అడిగాను.

"పేరున్నోళ్లవి లోకమంతా ఏస్తారప్పా. ఒక్క పాట పాడి ఇంటికి పోయినోళ్లవి ఎవురేస్తారు? నేనే ఎయ్యాల."

ఏ పెళ్లిలోనైనా ముందు దేవుడి పాట, తర్వాత సినిమా పాటలు. రెండో పంక్తి కూర్చోగానే సందు చూసి ఆ కుర్రాళ్లలో ఒకరిని వదిలేవాడు. ముసలమ్మలు "ఏందిరా ఆ గోల, పిల్లికి కడుపునొప్పా?" అని తిట్టేవాళ్లు. వంటాయన ఒక్కడే "ఇంకోటెయ్యన్నా, ఆ దరువుకు జనం బిరీన తిని లేస్తా ఉండారు" అనేవాడు. ఆ మెప్పుకు బావ మొహం చూడాలి!

ఆయుధపూజ వచ్చిందంటే మైక్‌సెట్టుతో పాటు రికార్డులకూ పూజే. ఒక ఏడు బావ భార్య, నేను అక్కా అని పిలిచే ఆ ఇల్లాలు, మహాభక్తిగా ప్రతి రికార్డు నడుమ కాగితం మీద గంధం పూసి, దాని మీద ఇంత కుంకుమ అద్దింది. అది ఎండి పట్టేసింది. కింద ఉన్న పేర్లన్నీ మూసుకుపోయాయి. నేను లబలబలాడాను. బావ నవ్వేశాడు. "పేర్లు దేవుడికిచ్చినాం, పాటలు మన కాడ ఉండాయి గదా!"

వాటిలో ఒకటి మా అమ్మాయిది. పసిపిల్లగా ఏడుపు మానకపోతే గోడ అవతల బావ ఆ రికార్డు పెట్టేవాడు. నెమ్మదైన పాట, నడుమ మౌత్ ఆర్గన్, ముగిసే చోట ఆ కుర్రాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వుతాడు. ఆ నవ్వు కోసం పిల్ల ఏడుపు ఆపి కాచుకునేది. పెళ్లయి ఏళ్లు గడిచినా అమ్మాయికి పిల్లలు కలగకపోతే బావ ఆ రికార్డు వెయ్యడం మానేశాడు. "నీ మనవడో మనవరాలో తొట్లో పండుకున్నపుడు మళ్లా ఏస్తాను బావా. అంతవరకూ దాన్ని ముట్టను."

ఇప్పుడు మనవరాలుంది, బావ లేడు. ఆ పాట లేకుండా పిల్లను తొట్టెలో ఎలా వేసేది? ఏది ఆ రికార్డు? అన్నిటికీ ఎర్రబొట్టే!

దినాలు అయిపోయిన మరునాడు అక్క తనే పిలిచింది. "రా తమ్ముడా, ఎతుకుదాం. మైక్‌సెట్టు ఇల్లు మూగపోతే ఆయనకు నచ్చదు." బాలింత చావింటి గడప తొక్కకూడదు కాబట్టి, ఆసుపత్రి నుంచి మా ఇంటికి వచ్చిన అమ్మాయి గోడకు అవతలే కూర్చుంది. తన పాట వస్తే గోడ కొట్టాలి, అదీ ఏర్పాటు. ఒకటి పెట్టాం, గోడ పలకలేదు. ఇంకొకటి. నాకైతే అన్నీ ఒకటే దరువు. ఒకదానిలో మౌత్ ఆర్గన్ వినగానే "దొరికింది!" అని గంతేశాను. అవతల నుంచి "అది కాదు నాయనా, ఊరికే ఎగరొద్దు!" అని కేక. సాయంత్రమయ్యేసరికి నా చెవుల్లో ఆ కుర్రాళ్లందరూ కలిసిపోయి, ఎవరు ఎవరో తెలియకుండా పోయింది.

అప్పుడు ఒక రికార్డు మీద ముల్లు పెట్టామో లేదో, గొంతు ఇంకా లేవకముందే, గోడ దబదబా మోగింది. పాట చివర ఆ కుర్రాడు నవ్వాడు. గోడ అవతల మా అమ్మాయీ నవ్వింది. అక్క కొంగు నోట కుక్కుకుంది.

వాళ్లెవరో తెలుసుకుందామని తడిగుడ్డతో కుంకుమ తుడవబోయాను. కుంకుమతో పాటు అక్షరాలూ గుడ్డకే వచ్చేశాయి. ఎర్రబడ్డ గుడ్డను అక్కకు చూపించాను. బావ పోయాక అక్క మొదటిసారి నవ్వింది. "పోనీలే తమ్ముడా, పాట నిలిచింది గదా."

ఆదివారం పిల్లను తొట్టెలో వేస్తున్నాం. ఇక చెప్పవలసిన వాళ్లు: నాయుడుపేట పెద్దక్కకు, గుండె జబ్బు మనిషి, ముందు పిల్ల సంగతి. పులికాట్ ఒడ్డున ఉండే బామ్మర్దికి, వాడి పెళ్లి రెండో పంక్తిలో ఆ డ్రమ్ములు మోగాయి, ముందు బావ సంగతి. చిత్తూరు చిన్నాయనకు, చెవుడు కాబట్టి రెండూ గట్టిగా. కాట్పాడి పిన్నమ్మకు, ఏది ముందు చెప్పినా ఏడుస్తుంది. చివరగా బావకు. ఆయనకు నేను చెప్పక్కర్లేదు. అక్క నిన్ననే మిద్దె ఎక్కి, మైకు గొట్టం మూతిని వాగు అవతలి శ్మశానం వైపు తిప్పి కట్టింది.