మునెమ్మ విప్పని గడ్డి

“వాసన తెలీలేదా మునెమ్మా?” అని అడిగాను.

“తెలిసిందక్కా. యా పొద్దు చెడిపోతాదో అని కాసుకోనుండేదానికంటే, నేనే చెడగొట్టుకుంటే నిమ్మళం” అంది.

మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. పూతలపట్టు బస్సెక్కి వెళ్లిపోయింది.

ఎనభైల మొదట్లో, మా ఆయన పోయాక, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. కాయలు మాగవేసే షెడ్డుకు మేస్త్రీనయ్యాను. నాకు రాయడం రాదు, మా తమ్ముడి కూతురు రేవతి రాస్తోంది.

మాగవేయడమంటే, వరిగడ్డి పరిచి, పచ్చికాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పడం. మూడోనాడు గడ్డి విప్పాలి. వేడి పోవాలి, మచ్చకాయ ఏరెయ్యాలి. విప్పకపోతే లోపలే ఉడికి కుళ్లిపోతాయి.

మునెమ్మ సీజను కూలి. ముచ్చిక దగ్గర వేలు పెడితే చాలు, ఏ కాయ ఎప్పుడు పండుతుందో చెప్పేది. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూటంతా తలెత్తుకుని నడిచేది. ఎవరైనా కసిరితే అన్నం గిన్నె మూత తీసేది కాదు. చిన్నప్పుడు వాళ్ల అవ్వ ఈమెను ఊరగాయ జాడీ ముట్టుకోనిచ్చేది కాదట, ఈమె చెయ్యి పడితే బూజొస్తుందని.

ఒక సీజనులో రెండో షెడ్డుకు మేస్త్రీ కావాల్సొచ్చింది. మేస్త్రీ అయితే ఏడాది పొడుగునా జీతం. నేను మునెమ్మ పేరు చెప్పాను. ఒక లోడు పూర్తిగా ఆమెకే అప్పగించి చూద్దామన్నాడు యజమాని.

తోటి ఆడకూలీలు ఆమెను ఆటపట్టించకుండా వదల్లేదు. “ఏం మేస్త్రమ్మా, రేపట్నించి మాకు తిట్లేనా?” అంటే, “ఇప్పుడే మొదులు పెడతా, లెయ్యండే!” అని నవ్వింది మునెమ్మ.

మూడోనాడు గడ్డి విప్పావా అని అడిగాను. “విప్పినానక్కా” అంది. నా ముఖంలోకి చూడలేదు.

యజమాని వచ్చిన పూట గడ్డి తీస్తే, పులిసిన కంపు. కాయలన్నీ నల్లబడి నీరు కారుతున్నాయి. “ఈమె వద్దు” అని ఒక్క మాటే అని వెళ్లిపోయాడాయన. మునెమ్మ ఏడవలేదు. బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలింది. అప్పుడే నేను వాసన సంగతి అడిగాను.

తర్వాత నేను ఎవరికీ మొదటి లోడు ఒంటరిగా అప్పగించలేదు. మూడోనాడు నేనే పక్కన కూర్చుని, వాళ్ల చేతులతోనే గడ్డి విప్పించేదాన్ని. పని వచ్చా అని చూస్తే చాలదు. తన చేతిని తను నమ్ముతుందా అనేది కూడా మేస్త్రీ చూడాలి.

అంతే పాపా. మునెమ్మ మాట యాడ రాసినావో ఆడ నుంచి సదువు. ఆమె అన్నట్టే ఉండాదా ఇంటాను.