ఒక్క బేరానికి రెండు కొసర్లు

ఆ రోజుల్లో ఏ వస్తువుకైనా మూడు ధరలుండేవి. దుకాణదారు నోటితో చెప్పేది ఒకటి, గిరాకీ నోటితో అడిగేది ఒకటి, ఇద్దరి మనసుల్లోనూ ముందునుంచే ఉన్నది మరొకటి. మొదటి రెండూ అటు తిరిగి ఇటు తిరిగి, అలిగి, నిట్టూర్చి, చివరికి మూడోదాని దగ్గర కలుసుకోవడాన్నే బేరం అంటారని నాకు అక్షరాలు రాకముందే తెలుసు. సిద్దిపేట బజారులో మా బాపుది గిన్నెల దుకాణం. నేను పెరిగింది బోర్లించిన గంగాళాల మధ్య. ఎక్కాలు అక్కడే కూర్చొని చదివాను, కానీ ఒంటబట్టింది వేరే చదువు. మెట్లు దిగిపోతున్న గిరాకీని మొదటి మెట్టు మీద పిలిస్తే మనం లోకువ, మూడో మెట్టు దాటాక పిలిస్తే వినపడదు, సరిగ్గా రెండో మెట్టు మీద చెప్పులు వెతుక్కునేటప్పుడు పిలవాలి. ఇలాంటి విద్య ఉన్న పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పంటి డాక్టరు ఒక పన్ను పీకాలంటే, "రెండు కలిపి పీకితే ఎంతకిస్తరు?" అని అడిగినదాన్ని. (రెండోది మంచి పన్నే. అయినా ధర తెలుసుకోవడంలో తప్పులేదు కదా.)

బాపుకు ఒక నియమం ఉండేది. బేరం ఎంత గట్టిగా సాగినా, తెగిన తర్వాత గిరాకీ చేతిలో ఏదో ఒక చిన్న వస్తువు కొసరుగా పెట్టాల్సిందే: ఒక చెంచానో, మూతో, చిన్న గ్లాసో. "కొసరు బేరంల లెక్క కాదు బిడ్డా, గది చుట్టరికం. గది లేకుంట పంపితే గిన్నె ఇంటికి పోతది, మనసు మన మెట్ల మీదనే కూసుంటది" అనేవాడు. అయితే చుట్టరికానికీ ఒక హద్దు పెట్టుకున్నాడు. ఒక్క బేరానికి ఒక్కటే కొసరు. సాక్షాత్తు కొమురెల్లి మల్లన్న దిగొచ్చి బిందె కొన్నా రెండో చెంచా ఇవ్వడని బజారంతా చెప్పుకునేది.

మా ఊరు జిల్లా కేంద్రమైన కొత్తలో, డిగ్రీ చేతికి రాగానే, ఒక సేవాసంస్థలో నాకు ఉద్యోగం దొరికింది. ఊరి అంచున బీడీలు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు ఉండే వాడలో ప్రతి ఆదివారం కుటుంబాలను కూర్చోబెట్టి, వచ్చిన డబ్బును ఎలా నిలుపుకోవాలో, ఎలా పొదుపు చేయాలో నేర్పే కార్యక్రమం అది. ఒంటరిగా వస్తే లోపలికి రానిచ్చేవాళ్లం కాదు, ఆలుమగలు కలిసి రావాలి. డబ్బు విషయం ఇద్దరూ కూర్చొని మాట్లాడుకుంటే సగం కొట్లాటలు తగ్గుతాయని హైదరాబాదు నుంచి వచ్చిన మా సారు నమ్మకం. ఆయన గోడకు రంగురంగుల బొమ్మలు తగిలించి 'అవసరం', 'కోరిక' అని చెబుతుంటే వాడంతా మర్యాదగా ఆవులించేది. నా వంతు వచ్చి, "రేపు అంగట్ల టమాటలు పిరమున్నయ్, ధర రెండింతలైందనుకోండ్రి, ఏం జేస్తరు?" అనగానే అందరూ నిటారుగా కూర్చునేవాళ్లు. నాకు 'బేరం మేడం' అని పేరుపడింది. బాపుకు తెలిస్తే, "నా దుకాణం గుట్టంత ఊరికి పంచుతున్నవా?" అంటాడని ఇంట్లో మాత్రం 'లెక్కల ట్యూషన్' అని చెప్పుకునేదాన్ని.

ఆ ఆదివారాలకు తప్పకుండా వచ్చే జంట ఒకటుండేది. వచ్చేవాళ్లు కానీ ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్లు కాదు. అతను ఆటో నడిపేవాడు. ఆమె బీడీలు చేసేది, ఎప్పుడూ ఒళ్లో చాటతో, చాటలో తునికాకుతో కనబడేది కాబట్టి ఆకులక్క అనేవాళ్లం. ఇడ్లీబండి పెట్టాలని ఆకులక్క ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో, పండుగలకు కిరాయికివ్వచ్చని, ఒక్కమాటైనా అడక్కుండా, ఆయన రెండు పెద్ద పాటల డబ్బాలు, అవే స్పీకర్లు, కొనుక్కొచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు డబ్బాలన్న. ఆ రోజు నుంచే ఆమె నోటికి తాళం. తర్వాత ఆయన బుద్ధి తెచ్చుకొని డబ్బాలు నష్టానికే అమ్మేసి, వచ్చిన డబ్బు దేవుని గూట్లో పెట్టాడు. ఆమె చూసింది. ఆమె చూసిందని ఆయన చూశాడు. అయినా మాట లేదు. మధ్యలో టెలిఫోన్ తీగలాగా నేనుండేదాన్ని.

"మేడం, దసరకు మా తల్లిగారింటికి చింతమడకకు పోతున్ననని గాయనకు చెప్పురి" అనేది ఆమె, ఆయన పక్కనే కూర్చొని.

"మల్ల ఎప్పుడొస్తదో అడుగురి మేడం."

"రానని చెప్పురి."

ఆయన తల దించుకొని చాప పోగులు పీకేవాడు. ఆమె మాట తప్పే మనిషి కాదని వాడంతటికీ తెలుసు. దసరా దగ్గరపడుతోంది. పోగులు పీకీ పీకీ ఆ చాప సగమైంది కానీ మాట మాత్రం కదల్లేదు.

అప్పుడే సారు చివరి పాఠం ప్రకటించాడు: ప్రతి జంటా ఒక వస్తువు ఇద్దరూ కలిసి అనుకొని, కలిసి వెళ్లి, కలిసి బేరమాడి కొనాలి. ఆకులక్క అనుకున్న ఇడ్లీల వ్యాపారానికి బండి, పొయ్యి వాడలోని మహిళా సంఘం సాయంతో సమకూరాయి. ఇక మిగిలింది పెద్ద ఇడ్లీపాత్ర. ఆకులక్క, "మేడం, గాయనను ఆఖరుసారి అడిగి చూస్త. గీ గిన్నె కూడా రాకపోతే ఇగ నా తోవ నాదే" అంది. ఇరుక్కున్నది నేను. ఎందుకంటే అంత పెద్ద ఇడ్లీపాత్ర ఊళ్లో దొరికేది ఒక్క దుకాణంలోనే. ఏ దుకాణమో చెప్పనక్కర్లేదనుకుంటాను.

సరే, విద్య దాచుకొని ఏం చేస్తామని, నాకు తెలిసిన అన్నిటికన్నా పదునైన ఉపాయం వాళ్లకు నేర్పాను. జోడెడ్ల బేరం. భార్య వస్తువును మెచ్చుకోవాలి, భర్త వద్దనాలి. ఆమె ఎంత ముచ్చటపడితే ఆయన అంత ముఖం చిట్లించాలి. చివరికి ఆమె "తీసుకుందామయ్యా" అని బతిమాలుతుంటే, ఆయన "వద్దు, పా పోదాం" అని మెట్లు దిగాలి. ఏ దుకాణదారైనా రెండో మెట్టు మీద పిలిచి ధర తగ్గిస్తాడు.

"వద్దనుడు గాయనకు నేర్పాల్నా మేడం? పుట్టుకతోనే వచ్చు" అంది ఆకులక్క.

డబ్బాలన్న మాత్రం, "నేను వద్దంటే ఉత్తగనే అంటున్ననని ఆమెకు చెప్పురి మేడం" అన్నాడు, నిజంగానే భయంభయంగా.

బుధవారం పొద్దున ముగ్గురం మా దుకాణం మెట్లెక్కాం. బాపు నన్ను చూశాడు, నా వెనక జంటను చూశాడు, ఏమీ ఎరగనట్టు, "రా బిడ్డా, లెక్కల ట్యూషన్ గీడ చెప్తున్నవా?" అన్నాడు. (నా గుట్టు అప్పటికే బజారుకెక్కిందన్నమాట.) ఇడ్లీపాత్ర దింపించి, ముంజేతి కడియం తగిలేలా ఖంగుమని మోగించి, ధర చెప్పాడు.

"మంచిగున్నది" అంది ఆకులక్క పాఠం ప్రకారం.

"ఏం మంచిగ? గింత పిరమా? వద్దు" అన్నాడు డబ్బాలన్న పాఠం ప్రకారం.

బాపు కళ్లద్దాల పైనుంచి నావైపు ఒక చూపు విసిరాడు. తన కత్తి తన మెడ మీదికే వచ్చిందని ఆయనకు ఆ క్షణమే అర్థమైంది. నేను ఒక గరిటెను చాలా శ్రద్ధగా పరిశీలించసాగాను. ఆయన కొంచెం తగ్గించాడు. ఆకులక్క పాత్రను చేత్తో నిమిరింది. ఇక చివరి మాట అనాలి. మొగుడివైపు తిరిగింది. నెలల తర్వాత మొదటిసారి, నా మీదుగా కాకుండా నేరుగా ఆయన ముఖంలోకి చూసి, "తీసుకుందామయ్యా" అంది. పాఠంలో ఉన్న మాటే. కానీ గొంతులో ఉన్నది పాఠం కాదు.

డబ్బాలన్న నోరు తెరిచాడు. ఆయన అనాల్సింది మూడే మాటలు. మెట్లవైపు చూశాడు, పాత్రవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు.  నేను గరిటె చాటు నుంచి, "అన్నా, వద్దనూ" అని గుసగుసగా అందించాను.

"నాతోని కాదు మేడం" అన్నాడు దుకాణమంతా వినబడేలా. "ఉత్తగ గూడ అననీకి వస్తలేదు. ఆమెకు ఇంకోపారి వద్దని అన. సేటూ, ఎంతన్న గానియ్యి, గా గిన్నె ఇయ్యి."

ఎంతన్న గానియ్యి! మా బజారులో పుట్టి పెరిగినా ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఒక మంచి బేరం కళ్లముందే ప్రాణం విడవడం చూసి నేను అడ్డుపడబోయాను. కానీ నాకన్నా ముందు ఆకులక్క లేచింది.

"ఎంతన్న గానియ్యా? మతుండే మాట్లాడుతున్నవా నువ్వు? గట్లనే ఎంతన్న గానియ్యని డబ్బాలు తెచ్చినవు! గీ సేటు నీ మొఖం చూసి ఇంకింత పెంచుతడు! నువ్వు జరుగు, గాడ నిలవడు, నేను మాట్లాడుత!"

"నువ్వే మాట్లాడే. నేను ఎన్నడన్న వద్దన్ననా?" అన్నాడాయన. తిట్లు తింటున్న మనిషి ముఖం అంతగా వెలిగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నెలల తరబడి దాచిన మాటలన్నీ ఆమె వడ్డీతో సహా కక్కేసింది, మధ్యమధ్యలో బాపుతో బేరమూ ఆడింది. తిట్టు ఆయనకు, ధర బాపుకు. ఏది ఎవరికో తెలియక ఒక్కోసారి ఇద్దరూ కలిసి తలూపారు. చివరికి బాపు చేతులెత్తి, మూడో ధరకు, ఆ మనసులో ఉన్న ధరకే, ఇచ్చేశాడు. నాకేసి వంగి, "నాటకం మంచిగ కట్టించినవు బిడ్డా. సిన్మలల్ల గూడ గింత మంచిగ తిట్టుకోరు" అని మెచ్చుకున్నాడు.

తర్వాత రివాజు ప్రకారం, "కొసరు ఏం గావాలె అక్కా?" అన్నాడు.

"మూత గట్టిగున్న టిఫిన్ డబ్బా ఇయ్యి సేటూ" అంది ఆకులక్క. "గీయన ఆటోల కూసోని సల్లన్నం తింటడు."

"వద్దు సేటూ!" అన్నాడు డబ్బాలన్న. (అవసరమైనప్పుడు రాని మాట అప్పుడు తన్నుకొని వచ్చింది.) "ఆమెకు చాయ్ గ్లాసియ్యి. పెద్దది. బీడీలు చేసుకుంట సగం గ్లాసే తాగుతది, మిగిలింది నాకు పోస్తది."

"నీకు డబ్బా గావాలె!"

"నీకు గ్లాసు గావాలె!"

మళ్లీ మొదలైంది. బాపు కాసేపు చూశాడు. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "గిది గూడ నువ్వే నేర్పినవా?"

"లేదు బాపూ. మల్లన్న మీద ఒట్టు."

ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే. "నేర్పి ఉంటే ఒకటే ఇచ్చేటోన్ని" అన్నాడు. నిచ్చెనెక్కి డబ్బా ఒకటి, గ్లాసు ఒకటి తానే దింపాడు.

ఆ దసరాకు ఆకులక్క చింతమడక పోయింది. డబ్బాలన్న ఆటోలోనే, మొగుడినీ ఇడ్లీపిండినీ వెంటబెట్టుకొని పోయి, రెండో రోజుకే తిరిగొచ్చింది. ఇప్పుడు వాళ్ల బండి దగ్గర పొద్దున నిలబడడానికి జాగ దొరకదు. నేను మాత్రం మారిపోయాను. గిన్నెలూ చీరలూ అన్నీ ఫోన్‌లోనే కొంటున్నాను. బుట్టలో వేసి, కొనకుండా పక్కన పెట్టేస్తాను, రెండో మెట్టు మీద పిలుస్తుందేమోనని. మర్నాడు 'బుట్టలో మరిచిపోయారు' అని అది పిలుస్తుంది కూడా, కానీ 'రా బిడ్డా' అనదు. అందుకే నెలకోసారైనా ఆ బండి దగ్గరికి వెళ్తాను. మొన్న కూడా తిన్నాక ధర గురించి గొణిగితే, "మేడం, మీ బాపు దగ్గర గెలిచినదాన్ని, నాతోని పెట్టుకోకురి" అంది ఆకులక్క. డబ్బాలన్న ఆమె అటు తిరిగినప్పుడు నా పళ్లెంలో ఇంకో ఇడ్లీ జారవిడిచాడు. ఆమె చూసింది. ఆమె చూసిందని ఆయన చూశాడు. "చట్నీ లేకుంట ఎట్ల తింటదయ్యా?" అని ఆమె గరిటెడు పోసింది. ఇంతటి బేరగత్తెను, రెండో కొసరు కూడా ముట్టాక ఇంకేం అడగాలో తోచక, నోరు మూసుకొని తిన్నాను.