లెక్కలో లేని యాభై గ్రాములు

మార్చి ఎనిమిదో తారీఖు ఉదయం ఏడుంబావుకు భూపాలపల్లి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు పొద్దున్నే ఫోన్ చేసే మనిషి కాదు.

“అక్కా, నిన్న దవాఖానకు పోయిన. పొగ తాగే పైపు బంద్ అన్నడు డాక్టరు. ఇప్పటి సందే అన్నడు, నేనే బతిమాలి నెలాఖరు దాకా తెచ్చుకున్న. ఇంక ఇరవై మూడు రోజులున్నయ్.”

“ఇయ్యాళ్టిది కలిపితే ఇరవై నాలుగు.”

“నువ్వు మారవు. పొగాకు సీసాలు ఎట్లున్నయ్?”

“పన్నెండో తారీఖుకు ఏడేండ్లు నిండుతయ్. ఆ రోజే తీస్తం, ముందుగాల కాదు.”

“సరే, అప్పుడే తియ్యి. కానీ నా ఆఖరి పైపు మాత్రం దాంట్లదే కావాలె. వేరేది తాగి ఇడిశిపెట్టుడు నాతోని కాదు.”

ఫోన్ పెట్టాక క్యాలెండరులో పన్నెండు చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను. అప్పటికే ఒక గీత ఉంది, జనవరిలో గీసింది. దాని మీదే మళ్లీ గీశాను. డెబ్బై ఒకటో ఏట కూడా ఒక తారీఖు కోసం ఇంత ఉబలాటం నాకు.

మా తమ్ముడు చెల్పూరు థర్మల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ వాడికంటే ముందు రిటైరైన ఒక పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఒక పైపూ, సగం నిండిన ఒక రేకు డబ్బా ఇచ్చిపోయాడు. డబ్బాలో ఉన్నది ఇంగ్లిష్ పద్ధతిలో కలిపిన పొగాకు. ఆ పద్ధతిలో మూడు ఆకులు ఉంటాయి. తీపికి పసుపుపచ్చని వర్జీనియా ఆకు, కొంచెం పుల్లని వాసనకు టర్కీ ఆకు, పొగ వాసనకు లటాకియా అనే నల్లని ఆకు. ఈ మూడో దాన్ని ఎక్కడో సముద్రం అవతల కట్టెల పొగలో వారాల తరబడి వేలాడదీస్తారట. ఈ మూడింటినీ కలిపి గాలి తగలకుండా ఏళ్లపాటు ఊరనిస్తే వేటికవి విడిగా తెలియకుండా ఒకే రుచి అవుతుందని ఆ పెద్దాయన చెప్పాడట.

డబ్బా నేనుండే జనగామకు తెచ్చి వాడు నా ముక్కు దగ్గర పెట్టాడు. నేను పొగతాగే మనిషిని కాను. కానీ నా ముక్కుకు చిన్నప్పుడే తాలీము అయింది. మా నాయనమ్మ చుట్ట తాగేది. ఆకు కొనడానికి నన్ను పంపేది. ఈనె దగ్గర విరిచి వాసన చూసి తేవాలి. బూజు ఆకు తెస్తే మళ్లీ అంత దూరం నడవాలి. మూడుసార్లు నడిచాను, నాలుగోసారి నడవలేదు.

ఆ డబ్బాలోని నల్ల ఆకు వాసన చూడగానే, “గీ వాసన నాకు తెలుసు తమ్మీ,” అన్నాను.

నిజంగానే తెలుసు. తొర్రూరు దగ్గరి బడిలో నేను పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. అక్కడి అంగడిలో ఒక లంబాడీ అవ్వ ఆకు తెచ్చి అమ్మేది. నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద. తండా అంతా అవ్వ అంటుంది కాబట్టి నేనూ అవ్వా అనే పిలిచేదాన్ని. ఆమె పొయ్యి మీద అడ్డంగా ఒక దండెం ఉంటుంది. తన చుట్టలకు వాడుకునే ఆకును వానకాలమంతా ఆ దండెం మీదే వేలాడదీస్తుంది. కింద తునికి కట్టె, మోదుగ కట్టె కాలుతుంటాయి. దసరా నాటికి ఆకు బొగ్గు రంగుకు తిరుగుతుంది.

మేం అవ్వ దగ్గరికి పోయి అడిగితే ఆమె ఒక మందపాటి గాజు సీసాలో ఆ ఆకు కూరి ఇచ్చింది. వర్జీనియా ఆకు ఖమ్మం వైపు రైతు దగ్గర దొరికింది. టర్కీ ఆకును తమ్ముడు హైదరాబాదులో వెతికి తెచ్చాడు. బడిలో నాతో పనిచేసిన సైన్సు టీచరు దగ్గర త్రాసు అడిగి తెచ్చి నేనే తూచి కలిపాను. ఆరు సీసాలు, ఒక్కో దానిలో యాభై గ్రాములు. మూతల మీద తేదీలు, అంకెలు. బియ్యం డ్రమ్ముల వెనక చీకట్లో పెట్టాను.

అప్పటి నుంచి ప్రతి మార్చి పన్నెండున మా ఇంట్లో సీసాలు తెరవడం ఆనవాయితీ. ఒక్కో సీసా నుంచి చిటికెడు తీసి వాడు పైపు నింపి ముట్టిస్తాడు. నేను నాలుగే దమ్ములు పీల్చి, మింగకుండా వదిలి, నాలుక మీద ఏముంది, అంగిలికి ఏం తగిలింది, ముక్కులోంచి పోయాక ఏం మిగిలింది అన్నది నోటుబుక్కులో రాస్తాను. ఆ తర్వాత పొడి చెంచాతో అడుగు నుంచి పైకి మూడుసార్లు కలిపి మూత పెడతాను. కరోనా ఏడాది బస్సు ఎక్కడానికి భయపడి వాడు రాకపోతే, ఫోనులో చెబుతుంటే నేనే తంటాలు పడి ముట్టించుకున్నాను. తెరవడం మాత్రం మానలేదు.

మొదటి ఏడు నేను రాసింది ఇది: “ఎండుగడ్డి, తేనె. పొగ వేరుగా నిలబడింది.” మూడో ఏడు: “పొగ తగ్గింది. తీపి కూడా.” ఆరో ఏడు ఒకటే మాట: “చప్పన.” దాని పక్కన తమ్ముడు తన రాతలో “నిద్రపోతున్నది, లేస్తది” అని రాశాడు.

పన్నెండో తారీఖు పదకొండు గంటలకు వాడు బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మూడు పైపులు, అగ్గిపెట్టెలు నాలుగు. పెళ్లికి వచ్చినట్టున్నావన్నాను.

“సాగనంపుడు కూడా పెండ్లి లెక్కనే గదా అక్కా. తియ్యి.”

ఒకటో సీసా తీశాం. వాడు పీల్చాడు, కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. నా వైపు చూడలేదు. రెండోది. మూడోది. నాలుగోదానికి పైపు పక్కన పెట్టి మంచినీళ్లు తాగాడు. ఐదోది తెరవగానే నాకే తెలిసిపోయింది, తడి గోనెసంచి వాసన. లోపల తెల్లటి బూజు. ఆరోదాన్ని వాడు కేవలం వాసన చూసి మూత పెట్టేశాడు.

“ఎండిన చాయ్ పత్తా తాగినట్టున్నదక్కా.”

“తప్పెక్కడ జరిగింది?”

“నువ్వు ఏటేటా తీసి కలుపుడుల.”

“ఆవకాయ కలపమా?”

“ఇది ఆవకాయనా?”

అంతే. నోటుబుక్కు మూసేశాను. జాడీలో పచ్చడి అడుగంటకుండా కలపాలన్నది మా ఇంట్లో పుట్టినవాళ్ల చేతికి పట్టిన అలవాటు. నేను కలుపుతుంటే వాడు కూడా ఐదేళ్లు పక్కన కూర్చుని చూశాడు, వద్దనలేదు. వాడూ అదే ఇంట్లో పుట్టాడు. మూత తీసిన ప్రతిసారీ ఊరినదంతా గాలికి పోయింది. నేను ప్రేమగా రాసుకున్న ఆరు పేజీలు అది పోయిన వరసే.

వాడు నవ్వాడు గానీ అన్నం తినలేదు. సాయంత్రం బస్సుకు పోతానన్నాడు. ఇక ఏం తాగి ఆపుతావని అడిగితే, “ఏదో ఒకటి. దుకాణంల దొరికే సిగరెట్టు తాగి ఆపుత,” అన్నాడు. ఆ మాట నాకు మహా కష్టంగా తోచింది.

నోటుబుక్కు మొదటి పేజీకి వెళ్లాను. తప్పిన లెక్కను మొదటి మెట్టు నుంచి చూడడం తప్ప నాకు ఇంకో దారి తెలియదు. ఆ రోజు తూచినవి రాసి ఉన్నాయి: వర్జీనియా నూటతొంభై ఆరు, నల్ల ఆకు తొంభై ఎనిమిది, టర్కీ యాభై ఆరు. కూడాను. మళ్లీ కూడాను. మూడువందల యాభై.

సీసాలు ఆరు. ఆరు యాభైలు మూడు వందలు.

“తమ్మీ, యాభై గ్రాములేవి?”

“ఏం యాభై?”

“ఏడో యాభై. నువ్వు తీసినవా?”

“నీ కండ్ల ముంగట చిటికెడు మించి తియ్యనియ్యవు నువ్వు. యాభై గ్రాములు ఎట్ల తీస్త?”

ఒక పేజీ కూడికను పక్క పేజీ కూడికతో ఏడేళ్లుగా సరిచూడలేదు నేను! పిల్లలు ఈ తప్పు చేస్తే గోడకుర్చీ వేయించేదాన్ని. లేచి వంటింట్లోకి పోయాను, వచ్చాను, మళ్లీ పోయాను. గట్టు మీద పక్కింటి ఆమె పాయసం పంపిన గిన్నె ఉంది. కడిగి, అందులో నాలుగు నిమ్మకాయలు వేసి పెట్టాను, తిరిగి ఇవ్వడానికి. ఖాళీ గిన్నె ఎవరికీ ఇవ్వం కదా.

అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ సీసా!

అవ్వ నల్ల ఆకు ఇచ్చిన ఆ మందపాటి సీసాను ఉత్తదిగా తిరిగి ఎలా ఇస్తాను? కలిపినదాన్నే నింపి ఇచ్చి ఉంటాను. చెయ్యి తన అలవాటు కొద్దీ చేసిన పని కాబట్టి పుస్తకంలోకి ఎక్కలేదు.

“నీ బస్సు ఇయ్యాళ్ల లేదు,” అన్నాను. “రేపు పొద్దుగాల తొర్రూరు బస్సు.”

“ఏడేండ్లయింది. అవ్వ తాగకుంట ఉంటదా?”

“పోతెనే తెలుస్తది.”

బస్సులో ఇద్దరం చిన్నపిల్లల్లా కిటికీ సీటు కోసం పోట్లాడుకున్నాం. పదమూడో తారీఖు, తొమ్మిదిన్నరకే ఎండ. తొర్రూరులో దిగి మహబూబాబాద్ రోడ్డు మీద ఆటో ఎక్కాం. తండా ముందు దిగేసరికి నా గుండె ఎంత కొట్టుకుందంటే, నాడి పట్టుకుని గడియారం చూశాను. నిమిషానికి నూట నాలుగు.

అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని చుట్ట తాగుతోంది. వెనక్కి తిరిగి కోడలితో వాళ్ల భాషలో ఏదో కేకేసి, మమ్మల్ని చూసి తెలుగులోకి మారింది.

“పంతులమ్మా! ఇంక బతికే ఉన్నవా?”

“నువ్వుండంగ నాకేం తొందర అవ్వా? నేనొక సీసా ఇచ్చిన, యాదికున్నదా?”

“యాదికుంది. ఏం ఆకు అది? ఒక చుట్టల పెట్టుకోని తాగిన. గడ్డివామికి నిప్పంటుకున్నట్టున్నది. ఘాటే లేదు.”

తమ్ముడు మంచం దగ్గరికి జరిగాడు. “మరి పారేసినవా అవ్వా?”

“ఇంట్ల పెట్టింది ఎట్ల పారేస్త బిడ్డా? తియ్యగ వాసనొస్తున్నదని చీమలు పట్టబట్టినయ్. మూత సుట్టు మైనం రాసి జొన్నల గుమ్మిల పడేసిన. అండ్లనే ఉండాలె.”

వెదురుతో అల్లిన ఆ ధాన్యపు గుమ్మి అవ్వ నడుమెత్తు ఉంది. కోడలు మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. ముందు ఒక కొడవలి పిడి వచ్చింది, తర్వాత ఒక చిన్న చెప్పు. అవ్వ ఆ చెప్పు చూసి, “నా మనుమరాలిది, దాని పెండ్లి కూడ అయిపాయె,” అంది. ఇక భుజం దాకా పెట్టాక సీసా వచ్చింది. మైనం తేనె రంగులో చెక్కు చెదరకుండా ఉంది.

తమ్ముడు చాకుతో మైనం చెక్కాడు. మూత తిప్పాడు. రాలేదు. నేను తిప్పాను. రాలేదు. అవ్వ మా ఇద్దరినీ తిట్టి, కొంగు చుట్టి ఒక్క తిప్పు తిప్పింది.

ఆ వాసన! పాత బెల్లం, నానబెట్టిన చింతపండు, వాన వెలిశాక తడిసిన పొయ్యి. ఈ మూడూ నేను తర్వాత రాసుకున్న మాటలు. ఆ క్షణంలో మాత్రం మూడు కాదు, ఒక్కటే. నేను ఏడేళ్లుగా ఆరు సీసాల్లో వెతికిన ఒక్కటి. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, అవ్వ చుట్ట పొగ వల్ల అని చెప్పాను.

తమ్ముడు పైపును మూడుసార్లుగా నింపాడు. అడుగున వదులుగా, మధ్యలో కొంచెం గట్టిగా, పైన ఇంకొంచెం. అగ్గిపుల్ల గీసి ఆకును తడిమినట్టు తిప్పాడు. ఒక దమ్ము, రెండు.

“ఏందిరా, చెప్పవేం?”

“జర ఊకో అక్కా. మాట్లాడితే పోతది.”

నా వంతు వచ్చినప్పుడు నాలుగు దమ్ములు పీల్చాను. ఐదోది కూడా పీల్చాను. పుస్తకంలో ఐదు అనే రాశాను.

అవ్వ చెయ్యి చాపింది. ఒక దమ్ము లాగి, నాలుక చప్పరించి, “ఇప్పుడు జర మనిషి తాగేటట్టున్నది,” అంది. “అయినా ఘాటు లేదు.”

చిన్న త్రాసు సంచిలో తెచ్చుకున్నాను. అవ్వ చుట్టకు పోగా, ఈ పైపుకు పోగా నలభై మూడు గ్రాములు మిగిలింది. పైపుకు మూడు చొప్పున పద్నాలుగు పైపులు, ఒక గ్రాము మిగులు. నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులు. ఏయే నాలుగు రోజులు ఖాళీగా ఉంచాలో రాసిస్తానన్నాను.

“వద్దక్కా,” అన్నాడు వాడు. “గిది తాగినంక వేరేది నోట్లె పెట్టబుద్ధి కాదు. దీన్నేమో రోజూ తగలబెట్టబుద్ధి కాదు. ముప్పై ఒకటి నాడు ఒక్కటి తాగుత. అంతే.”

సీసా వాడి సంచిలోనే పోతోంది, నేను నమ్మలేదు. రోజూ రాత్రి భోజనానికి ముందు ఫోన్ చేసి అడిగాను. పదిహేడు రోజులు, పదిహేడు సార్లు “తాగలే” అన్నాడు. డాక్టరు ఇచ్చిన గడువు కంటే ముందే వాడు తనకు తెలియకుండానే దాదాపు మానేశాడని నేను చెప్పలేదు. చెబితే మొండికేసే రకం.

ముప్పై ఒకటిన మళ్లీ తండాకు పోయాం, వాడి కోరిక అది. సాయంత్రం నాలుగున్నరకు అదే మంచం మీద ఆఖరి పైపు తాగాడు. నలభై రెండు నిమిషాలు, రెండుసార్లు ఆరి మళ్లీ ముట్టించాడు. బూడిద దులిపి, పైపు తుడిచి జేబులో పెట్టుకుని, “అయిపాయె,” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

“మిగిలింది నలభై. ఏం చేద్దాం?”

“ఉండనీ. వాసన సూడొద్దని డాక్టరు అనలే గదా?”

సీసా అవ్వది. అవ్వ చేతికే ఇచ్చాం, నలభై గ్రాములతో. నేను కాగితం అంటించి, కలిపిన తేదీ, బరువు రాశాను. తెరవాల్సిన తేదీ కోసం గీసిన గడి దగ్గర పెన్ను ఆగింది.

“మళ్ల ఎప్పుడొస్తరు?” అంది అవ్వ, పొయ్యి దగ్గర మైనం కరిగిస్తూ.

“చెప్పం,” అన్నాను. ఆ గడిని ఖాళీగానే వదిలి సీసాను ఆమె వైపు తిప్పాను. ఆమె మూత చుట్టూ మైనం పోసి, ఊది, ఆరాక, భుజం దాకా చెయ్యి పెట్టి జొన్నల్లోకి తోసేసింది.