కాన్పుల గది గోడ

మా దవాఖాన చరిత్ర కావాలంటే ఆయా ఎల్లమ్మనే అడగాలి. జూబ్లీ హిల్స్ బంగళాలకు రాళ్లు కొట్టినవాళ్లు ఫిల్మ్ నగర్ వెనక గుడిసెలు వేసుకున్నారు. రాళ్ల పని అయిపోయాక, కాంట్రాక్టరు వదిలేసిపోయిన షెడ్డుకు సర్కారు ‘పేదల ముంగిట వైద్యం’ అని బోర్డు తగిలించింది. సిమెంటు బస్తాల గది కాన్పుల గది అయింది. నేను అక్కడ నర్సును, వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వచ్చిపోయేదాన్ని. డాక్టరు గారు ఎప్పుడు వస్తారో ఆ దేవుడికే తెలియాలి. హైటెక్ సిటీ కట్టాక ఊరంతా కంప్యూటర్ల జపం మొదలైంది కదా, మాకూ ఒకటి పంపారు. దాన్ని పెట్టుకోవడానికి ప్లగ్ పాయింటు మాత్రం ఇవ్వలేదు. దాని మీద నేను దూది ఆరబెట్టుకునేదాన్ని.

కాన్పుల గది గోడ మీద మనిషెత్తు మరక ఒకటి ఉండేది. చెమ్మ దిగి ఒకచోట పచ్చగా, ఒకచోట నల్లగా. ఎల్లమ్మ దాన్ని సబ్బుతో, కొబ్బరి పీచుతో, తిట్లతో రోజూ రుద్దేది. ఇంత కూడా కదిలేది కాదు.

ఎల్లమ్మ కూతురు అరుణజ్యోతి ఆ గదిలోనే పుట్టింది. అప్పటికి మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్‌లో కూర్చుంటోంది. నెలలు నిండుతున్నాయి.

“గా మురికి గోడ పక్కన ఎవలు పంటరు? నేను గీడ కననే కన. జూబ్లీ హిల్స్‌ల ఏసీ దవాఖానకు పోతా” అని తేల్చి చెప్పేసింది.

“బస్తీ పిల్లలందర్నీ నా చేతులతోని ఎత్తుకున్న. నా మనుమడినో మనుమరాలినో ఎవరో ఎత్తుకుంటే నేను బయట కుర్చీల కూసోవాల్నా?” అని ఎల్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం, దాని ఆశంతా అదొక్కటే.

సరిగ్గా అప్పుడు సినిమావాళ్లు దిగారు. పాడుబడ్డ సర్కారు ఆసుపత్రిని హీరో ఒక్క పాటలో బాగుచేసే కథట. ఆర్ట్ డైరెక్టరు సూర్యప్రకాశరావు గారు మా మరకను చూసి చేతులు జోడించినంత పని చేశారు.

“ఎంత సహజంగా ఉందండీ! సెట్ వేస్తే ఇలా రాదండీ.”

ముందు ఆ మరకతోనే షూటింగ్ చేశారు. జ్వరంతో వచ్చిన మా పేషెంట్లనే బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకొంచెం నీరసంగా ఉండమన్నారు! తర్వాత పాట కోసం గోడలు గీకి, తెల్ల ఆయిల్ పెయింట్ కొట్టి, కొత్త మంచాలు, పచ్చ కర్టెన్లు తెచ్చారు. అరుణజ్యోతి వచ్చి చూసి నోరెళ్లబెట్టింది.

“అమ్మా, గిట్లుంటే గీడనే కంట.”

ఎల్లమ్మ ఆ రోజు దారిన పోయేవాళ్లకు కూడా టీ తాగించింది.

గుమ్మడికాయ కొట్టారు, షూటింగ్ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే మంచాలు, కర్టెన్లు లారీ ఎక్కాయి. అంతటితో పోతే నాకింత మంట ఉండేది కాదు. పాత ఫొటో ఒకటి పట్టుకుని, ఇద్దరు పెయింటర్లు తెల్ల గోడ మీద మళ్లీ మరక వేస్తున్నారు!

“ఏంది సారూ గిది? మంచిగున్న గోడకు మురికి పూస్తరా?” అని ఎల్లమ్మ కొంగు బిగించింది.

“అగ్రిమెంటండీ. ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి” అన్నారు సూర్యప్రకాశరావు గారు, ఎంతో మర్యాదగా. మా పై అధికారి చలపతిరావు గారు స్వయంగా వచ్చి, ఫొటోతో పోల్చి చూసుకుని, తృప్తిగా సంతకం పెట్టి వెళ్లారు. మా దవాఖాన గోడను ఆయన అంత శ్రద్ధగా చూడగా నేను చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రమే అరుణజ్యోతికి నొప్పులు వచ్చాయి. ఆటో దిగి, నడుం పట్టుకుని లోపలికి వచ్చి, గోడ చూసి ఆగిపోయింది.

“మల్ల గదే కదనే! నేను ఉండ. ఆటోను పోనియ్యకుండ్రి!”

ఎల్లమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కూతురి మీదో, గోడ మీదో, సర్కారు మీదో నాకు తెలియదు. పక్కనున్న బకెట్ ఎత్తి నీళ్లన్నీ గోడ మీద కుమ్మరించింది.

మరక కారిపోయింది! పచ్చా నలుపూ కలిసి పాయలు పాయలుగా జారి తూములోకి పోయింది. ఆయిల్ పెయింట్ మీద వేసింది ఉత్త నీళ్ల రంగు. సినిమా మరక కదా మరి. ఎల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, వెంటనే బావురుమంది.

“సిస్టరమ్మా, ఇన్నేండ్లు రుద్దితి కదమ్మా!”

“ఏడుపు తర్వాత, ముందు వేడినీళ్లు తే” అని కసిరాను. ఆటో ఉత్తదే వెళ్లిపోయింది.

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. ముందు ఎత్తుకున్నది ఎల్లమ్మే.

మర్నాడు చలపతిరావు గారు ఆ సంతకం కింద ముద్ర వేయడానికి మళ్లీ వచ్చారు. కళ్లజోడు పైకెత్తి గోడ చూశారు, ఫొటో చూశారు.

“ఇక్కడ మరక ఉండాలే! ప్రభుత్వ ఆస్తిలో పర్మిషన్ లేకుండా మార్పులా? ఎవరు చేశారిది?”

నేను నోరు తెరిచేలోపే ఎల్లమ్మ పాత మంచం మీంచి పసిదాన్ని తీసుకొచ్చి ఆయన ముందు నిలబడింది.

“గీమె చేసింది సార్. పేరింకా పెట్టలే. రాసుకునేదుంటే పురుడు చేసి పేరు పెట్టినంక రాండ్రి.”