మావయ్య ఎర్ర కారు, అత్తయ్య రెండు పలకలు

చిన్నప్పుడు మాకు కారెక్కడం కంటే కారు దిగడమే బాగా అలవాటు...

నవ్వకండి, నిజమే. సత్తెనపల్లిలో మా అమ్మమ్మ వాళ్ల వీధి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. వీధివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్నది. బ్రేకర్ అనేకంటే పిట్టగోడ అనడం నయం. మా మావయ్య ఎర్ర కారు దాని ముందుకొచ్చి ఆగేది. ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్న నేనూ తమ్ముడూ దిగి, సీటు వెనక నుంచి రెండు చెక్క పలకలు తీసి చక్రాల ముందు వాలుగా వేసేవాళ్లం. కారు మెల్లగా ఎక్కి దిగాక పలకలు తీసుకుని మళ్లీ ఎక్కేవాళ్లం. అక్కణ్ణించి ఇల్లు నాలుగడుగులే... అయినా ఎక్కాల్సిందే.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మిర్చి వ్యాపారం. ఒక ఏడాది మిర్చికి మంచి ధర పలికింది. ఇంక ట్రాక్టరు కొంటాడని అందరూ అనుకుంటుంటే, హైదరాబాద్ వెళ్లి ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు తోలుకొచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు.

అమ్మమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఒరేయ్, ఇంటినిండా జనముంటే రెండు సీట్ల బండేందిరా? ఇందులో మిరపకాయల బస్తా కూడా పట్టదు గదరా."

మావయ్య బుర్ర గోక్కున్నాడు. ఎందుకు కొన్నాడో ఆయనకీ సరిగ్గా తెలిసినట్టు లేదు.

ఆ కారులోనే వేటపాలెం పెళ్లిచూపులకి వెళ్లాడు. పెద్దవాళ్లంతా బస్సెక్కారు. మిగిలిన ఒక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు. బస్సు కంటే ముందే చేరిపోయాం... అదీ తంటా. పెద్దలు లేకుండా పెళ్లికొడుకు వచ్చాడు, పక్కన గౌను వేసుకున్న నేను. రమ్మనాలో ఆగమనాలో వాళ్లకి తోచలేదు. పెద్దలు రాకుండా పిల్లని చూపించకూడదు కదా.

ఇంతలో మావయ్య వాళ్ల వాకిట్లోకి కారు ఎక్కించబోయాడు. కారు మూతి గట్టుకి ఆనుకుని రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. వెనక లారీ ఒకటే హారన్. ఇంట్లోంచి ఒక అమ్మాయి, జీడిపప్పు పెట్టెలకి వాడే చెక్క పలకలు రెండు పట్టుకొచ్చి చక్రాల ముందు వేసింది.

"ఊఁ, ఇప్పుడు పోనియ్యండి" అంది.

అయిపోయాయి పెళ్లిచూపులు. బస్సు దిగి పెద్దలొచ్చేసరికి మావయ్య మనసులో ఖాయం చేసేసుకున్నాడు. ఆ అమ్మాయే మా అత్తయ్య. మేం బ్రేకర్ దగ్గర వేసిన పలకలు ఆ పలకలే.

పోయిన నెలలో ఆ కారు ఇంజిన్ పోయింది. ఆయిలు కారిపోతుంటే ఎవరూ చూసుకోలేదు, వేడెక్కి బిగుసుకుపోయింది. మావయ్య ఫోన్ చేసి, "నాకింక మోకాళ్లు వంగటంలేదే. బాగు చేయిస్తావో పాత ఇనుముకి వేస్తావో, నువ్వే తేల్చు. అందరికంటే ముందు అందులో ఊరేగింది నువ్వే గదా" అన్నాడు. కొత్త పంట వస్తోంది, బస్తాలకి కారు పెట్టిన షెడ్డు కావాలట.

గుంటూరు నుంచి వెళ్లాను. మొదట్నించీ ఆ కారు చూసే మెకానిక్ సుభానీ అన్నయ్యని అడిగాను.

"బాగుచేయొచ్చమ్మా... చేయొచ్చుగానీ సామాన్లు దొరకవు. వేరే ఇంజిన్ ఎక్కించొచ్చు... ఎక్కించొచ్చుగానీ అప్పుడిక ఇది ఆ కారు కాదు. అమ్మేయొచ్చు... అమ్మేయొచ్చుగానీ నాకు మనసొప్పదు."

అడగకపోయినా బాగుండేది.

మావయ్య వసారాలో గొంతు తగ్గించి, "నాకెందుకే ఆ కారు? మీ అత్తయ్య కోసం బాగుచేయించు" అన్నాడు. వంటింట్లోకి వెళ్తే అత్తయ్య, "నాకైతే అందులోంచి లేవాలంటే నడుం పట్టేస్తది. మీ మావయ్య కోసం చేయించమ్మా" అంది. ఇద్దరికీ అక్కర్లేదు, ఇద్దరి కోసమూ కావాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మా ఆయన ఫోన్‌లో "పోయినదానికి అంత ఆలోచన దేనికి?" అంటే ఒళ్లు మండింది. ఎందుకు మండిందో నాకే తెలీదు.

ఏదీ తేలక, చివరికి "ఇచ్చేద్దాంలే" అనేశాను.

పాత ఇనుము అతని లారీ వీధిలోకి పట్టదు. కారుకి తాడు కట్టి ట్రాక్టరుతో మెయిన్ రోడ్డు దాకా లాగించాం. స్టీరింగ్ దగ్గర మావయ్య. "ఈ ఒక్కసారికి నేనూ కూర్చుంటా" అని పక్కన అత్తయ్య. వెనక నడుస్తూ నేను.

బ్రేకర్ దగ్గర ట్రాక్టరు ఆగింది. ఎవరూ చెప్పలేదు... అత్తయ్య నడుం పట్టుకుని తనంతట తనే దిగింది. సీటు వెనక నుంచి పలకలు తీసి చక్రాల ముందు వేసింది.

"ఊఁ, ఇప్పుడు పోనియ్యండి."

"పోనిస్తున్నా" అన్నాడు మావయ్య. లాగేది ట్రాక్టరు. ఆయన మాత్రం తనే నడుపుతున్నట్టు స్టీరింగ్ మీదకి వంగి, జాగ్రత్తగా ఎక్కించి దించాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ట్రాక్టరు అతనికి అడ్డం వెళ్లి, "లారీ దగ్గరికి కాదు, సుభానీ అన్నయ్య షెడ్డుకి పోనియ్" అన్నాను.

"పాత ఇంజినే విప్పి బాగుచెయ్యి అన్నయ్యా" అని చెప్పొచ్చాను. సామాన్లు దొరక్కపోతే ఏం చేస్తానో తెలీదు. బాగైతే ఎవరు నడుపుతారో అదీ తెలీదు. ఆ కారు వాళ్లకంటే నాకే కావాలేమో... చేసింది తప్పో ఒప్పో చెప్పండి, నాకైతే ఇప్పటికీ అయోమయంగానే ఉంది. అత్తయ్య మాత్రం పలకలు షెడ్డులో వదల్లేదు. చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. "బండి తిరిగొచ్చేటప్పుడు వెయ్యాలిగా" అంది.

ఇప్పుడు నా కారు చాలా ఎత్తు. బ్రేకర్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. బయల్దేరితే ఇల్లు చేరేదాకా ఎవరం దిగం, ఎవరి ఫోన్ వాళ్లది... మీ ఇంట్లో అలాంటి బండి ఉండేదా? దానికోసం ముందుగా దిగేది ఎవరు?